చింగ్‌చెంగ్ కొండ: కింద గది దొరకలేదు, పైన ఊరగాయ దొరికింది

చైనాలో చెంగ్డు నగరం దగ్గర చింగ్‌చెంగ్ కొండ కింద లాడ్జీలో గది ఉందన్నారు, డబ్బూ తీసుకున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకి వానలో నలుగురం పెట్టెలతో వెళ్లి నిలబడితే, కౌంటర్లో అమ్మాయి మా పాస్‌పోర్టులు అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్లో అనువాదం చేసి చూపించింది: "విదేశీయులకు ఇవ్వం."

విదేశీ అతిథి వస్తే పోలీసులకు వివరాలు పంపాలి. చిన్న లాడ్జీల వాళ్లకు ఆ పని రాదు, లేదా బద్ధకం. అలా కాదనకూడదని 2024లో చైనా ప్రభుత్వమే చెప్పింది. మావారు ఆ వార్త వెతికి చూపించినా ఆ అమ్మాయి తల అడ్డంగానే ఊపింది. రెండు గదులకు 520 యువాన్లు, మన డబ్బులో ఆరు వేల పైనే, యాప్‌లో ముందే కట్టేశాం. అత్తయ్యగారు అక్కడే సోఫాలో కూర్చుని, "నేను కదలను, ఏం చేస్తారో చేయమను" అన్నారు. చివరికి టాక్సీకి 38 యువాన్లు పోసి వెళ్లిన పెద్ద హోటల్లో గదికి 460. తడిసిన చీర ఆరేసుకోవడానికి హీటర్ ఉంది కాబట్టి ఆ ధరకు ఏమీ అనను.

అంతకుముందు పగలంతా దగ్గర్లోని పాత నీటిపారుదల కట్టడం దూజియాంగ్యాన్‌లో బాగానే గడిచింది. రెండు వేల ఏళ్లకు పైబడి ఆనకట్ట లేకుండానే నదిని చీల్చి పొలాలకు నీళ్లిస్తున్నారు. గోదావరి కాలవల మధ్య పెరిగిన మామగారిని అక్కణ్నుంచి కదిలించడమే కష్టమైంది.

మర్నాడు కొండ. చెంగ్డు నుంచి నేరుగా వచ్చేవాళ్లకు రైల్లో గంటలోపే. టికెట్ మనిషికి 80 యువాన్లు, రోప్‌వే ఒకవైపుకి 35. మోకాళ్ల నొప్పులుంటే రోప్‌వేకి వెనకాడొద్దు. మెట్లు నాచుపట్టి జారతాయి, ఎండ కింద పడనంత దట్టంగా చెట్లు. వెదురు డోలీ వాళ్లు మామగారి వెంట పడ్డారు. మూడు వందల నుంచి నూట యాభైకి దిగారు. "మనిషి భుజాలెక్కి దేవుడి దగ్గరకి వెళ్తానా?" అని ఆయన కర్ర పుచ్చుకుని ముందుకు నడిచారు. ఆ తరవాత ప్రతి మలుపులోనూ ఆగారనుకోండి.

సుమారు 1,260 మీటర్ల ఎత్తున శిఖరం మీద లావోజున్ మండపంలో, తావో మతం వాళ్లు దేవుడిగా కొలిచే లావోజీ ఎద్దు మీద కూర్చుని ఉంటాడు. "మన శివుడే" అని అత్తయ్యగారు దండం పెట్టేశారు. అక్కణ్నుంచి దిగుతూ ఉంటే తియాన్‌షీ గుహాలయం. క్రీ.శ. 143 ప్రాంతంలో తావో మత గురువు జాంగ్ దావోలింగ్ ఇక్కడే ఉండి బోధించాడని చెబుతారు. ఆయన మతంలో చేరినవాళ్లు ఐదు కుంచాల లెక్కన బియ్యం ఇచ్చేవారట. "కళ్లంలో మేర కొలిచినట్టే" అన్నారు మామగారు. ప్రాంగణంలో మహావృద్ధమైన గింకో చెట్టు ఉంది. జాంగ్ దావోలింగ్ నాటిందేనంటారు. నడినెత్తిన సిగ చుట్టి పుల్ల గుచ్చుకున్న అర్చకుడొకరు నన్ను చేత్తో ఆపారు. గడప తొక్కబోయాను! ఇంట్లో అత్తయ్యగారు రోజూ చెప్పే మాటే.

ఇక భోజనం. ఈ కొండ పేరు చెప్పగానే అందరూ గింకో గింజలతో వండిన కోడి గురించే చెబుతారు. మేం శాకాహారులం, ఆ రాత్రి గొడవ వల్ల నాకు ఆశ కూడా లేదు. కానీ ఆలయం వంటశాలలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. గిన్నె నూడుల్స్ 18 యువాన్లు, పక్కన చిన్న సాసర్లో ముల్లంగి, క్యాబేజీ, మిరపకాయల ఊరగాయ. ఉప్పునీళ్లలో ఊరిన పులుపు, చివర్లో నాలుక తిమ్మిరి. నూనె చుక్క లేదు, ఆవపిండి లేదు. అత్తయ్యగారు ముందు మొహం చిట్లించారు, తరవాత మావారి సాసర్ కూడా తన వైపు లాక్కున్నారు. వంటావిడ నవ్వి లోపలికి పిలిచి జాడీలు చూపించింది. మూతి చుట్టూ కాలువలా గాడి, అందులో నీళ్లు, దాని మీద బోర్లించిన మూత. లోపలి గాలి బుడగలై పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు, అయినా పావుగంట వేళ్లతోనే మాట్లాడుకున్నారు.

వెళ్లేవాళ్లకు నా మాట: కొండ కింద లాడ్జీ బుక్ చేస్తే, డబ్బు కట్టేముందే భారతీయ పాస్‌పోర్టు తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడిగి ఆ జవాబు దాచుకోండి. తినేచోట "వో ఛీ సూ" అనండి, శాకాహారినని అర్థం. వాన చొక్కా తీసుకెళ్లండి, గొడుగు మెట్ల మీద అడ్డం.

చెంగ్డులో దిగగానే అత్తయ్యగారు 45 యువాన్లు పెట్టి అలాంటి జాడీ కొనిపించారు. రోజూ పొద్దున్నే గాడిలో నీళ్లు చూసుకుంటున్నారు. ముల్లంగి ఊరింది కానీ, ఆ 520 యువాన్లు ఇంకా తిరిగి రాలేదు.