పోర్ట్‌బ్లెయిర్‌లో అయిదు రాత్రులు: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

అండమాన్ వెళ్లొచ్చిన మా చుట్టాలంతా ఒకటే మాట చెప్పారు: "పోర్ట్‌బ్లెయిర్‌లో ఏముంది? దిగండి, జైలు చూడండి, మర్నాడే హేవలాక్ దీవికి వెళ్లిపోండి." మేం వాళ్ల మాట వినలేదు. జనవరి చివర్లో అయిదు రాత్రులూ ఊళ్లోనే ఉన్నాం. అమ్మకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. రోజుకో జెట్టీ, రోజుకో హోటల్ అంటే ఆవిడ వల్ల కాదు. అమ్మ కోసమని అలా చేశాం గానీ, చివరికి అదే మా అందరికీ కలిసొచ్చింది.

2024 సెప్టెంబర్‌లో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్ల నోట మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే. విశాఖ నుంచి ఓడ ఉంది కానీ ఎప్పుడో ఒకసారే బయల్దేరుతుంది, సముద్రం మీద రెండు మూడు రోజులు గడపాలి. అందుకే చెన్నై నుంచి విమానంలో వెళ్లాం.

బసతో మొదట్లోనే దెబ్బతిన్నాం. ఆన్‌లైన్‌లో "సీ వ్యూ" అని బుక్ చేసిన గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకులు కనిపించాయి. లిఫ్ట్ పనిచేయడం లేదు, గది మూడో అంతస్తులో. ఒక రాత్రి డబ్బు వదులుకుని, అబర్డీన్ బజార్‌కి కాస్త పైన ఉన్న ఒక హోమ్‌స్టేకి మారిపోయాం. గేటు దగ్గరే ఆ ఇంటావిడ మా మాటలు విని, "తెలుగోళ్లేనా బాబూ? మాది పలాస దగ్గర పల్లె. మావోళ్లు ఇటొచ్చీసి నలభై ఏళ్లయిపోయింది" అంది. అమ్మ మొహంలో టెన్షన్ అప్పటికప్పుడు పోయింది. రాత్రికి చేపల పులుసు, పొద్దున్నే వేడివేడి ఇడ్లీ. గది చిన్నదే, ఏసీ కొంచెం చప్పుడు చేసేది. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే: గ్రౌండ్ ఫ్లోర్ గది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి. ఫొటోలు నమ్మొద్దు.

సెల్యులార్ జైలుకి సగం రోజు పెట్టుకోండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. మధ్య గోపురం నుంచి ఏడు వరుసలుగా కట్టారు, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వరుస ముఖం ఇంకో వరుస వీపు వైపు ఉండేలా కట్టారు, ఎదుటి ఖైదీ మొహం కూడా కనిపించకూడదని. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడే శిక్ష అనుభవించారు. తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఈ సంగతి చెప్పాక అమ్మ ఒక గదిలోకి వెళ్లి, మనిషికి అందనంత ఎత్తులో ఉన్న చిన్న కిటికీ వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది. పిలవబుద్ధి కాలేదు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో బాగుంది, టికెట్ ముందే తీసుకోవాలి.

రాస్ ఐలాండ్‌కి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) పడవలో కాసేపే. అక్కడ బ్రిటిష్ వాళ్ల చర్చి, బేకరీ గోడల్ని మర్రిజాతి చెట్ల వేర్లు పూర్తిగా చుట్టేశాయి. ఒకచోట ఇటుకలు ఎప్పుడో రాలిపోయినట్టున్నాయి, వేర్లు మాత్రం కిటికీ ఆకారాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాయి. నడవలేనివాళ్లకి బ్యాటరీ బండి ఉంది. మా ప్యాకేజీ పడవవాడు ఇక్కడ గంటే టైమ్ ఇచ్చి, నార్త్ బేలో మూడు గంటలు కూర్చోబెట్టాడు. నార్త్ బే అంతా వాటర్ స్పోర్ట్స్ బేరాలే. పాత ఇరవై రూపాయల నోటు మీద ఉన్న లైట్‌హౌస్ అక్కడిదని చూడాలనిపిస్తే వెళ్లండి, లేకపోతే రాస్‌కి మాత్రమే టికెట్ తీసుకోండి.

ఛాతమ్ రంపపు మిల్లుకి చాలామంది వెళ్లరు. నాకు మాత్రం తెగ నచ్చింది. 1883 నాటిది. అక్కడ కోసే పడౌక్ చెక్క మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి (జీనస్) చెట్లు. అప్పుడే కోసిన పలక మీద చెయ్యి పెడితే అరచేతికి ఎర్రటి పొట్టు అంటింది.

ఇక జాలీ బాయ్. ఈ ట్రిప్ మొత్తంలో ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని దీవి ఇది. సగం ఏడాది దీన్ని, మిగతా సగం రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు, పగడాలు తేరుకోవాలని. వండూర్ జెట్టీలో సంచులన్నీ తెరిపించారు. బిస్కెట్ ప్యాకెట్, చిప్స్, నీళ్ల బాటిల్, అన్నీ పక్కన పెట్టించారు. ముందు చిరాకేసింది. దీవిలో దిగాక అర్థమైంది, ఇసుకలో ఎంత దూరం చూసినా ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు. మడ అడవుల పక్కనుంచి గంటసేపు పడవ ప్రయాణం, ఆ తర్వాత అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి మారాలి. అద్దం కింద నీలం పెదవుల పెద్ద ఆల్చిప్ప ఒకటి, మా నీడ పడగానే మెల్లగా మూసుకుంది. "ఊపిరి తీసుకుంటున్నట్టుంది కదరా" అంది అమ్మ. పడవ మారేటప్పుడు ఇద్దరు పట్టుకుని దింపాల్సొచ్చింది. సిబ్బంది చాలా ఓపికగా చేశారు. దీవిలో జెట్టీ లేదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

బారాటాంగ్ దీవికి వెళ్లలేదు. సున్నపురాయి గుహలు చూడాలని మా ఆవిడకి చాలా ఆశ. కానీ ఆ రోడ్డు జారవా ఆదివాసులుండే అడవి మధ్యలోంచి పోతుంది. కాన్వాయ్‌లో వెళ్లాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఇన్ని నిబంధనలున్నా, కార్లలో కొందరు ఆ మనుషులు కనిపిస్తారేమోనని వెతుక్కుంటూ వెళ్తారని మా డ్రైవరే చెప్పాడు. ఆ వరుసలో మా కారు కూడా ఉండడం మాకు ఇష్టం లేకపోయింది.

చివరి సాయంత్రం చిడియా టాపు బీచ్. ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల దాకా దక్షిణంగా. నేను స్కూటర్ అద్దెకి తీసుకున్నాను, అమ్మా మా ఆవిడా కారులో వచ్చారు. దారిలో ఉప్పునీళ్లు నిలిచిన విశాలమైన మడుగులు కనిపిస్తాయి. అవి ఒకప్పటి పొలాలు. 2004 సునామీ నాటి భూకంపానికి నేల కుంగి, సముద్రం లోపలికొచ్చి అక్కడే ఉండిపోయింది. అవి దాటాక అడవి మొదలవుతుంది. చెట్ల మొదళ్లు పలకల్లా విచ్చుకుని మనిషి ఎత్తున ఉన్నాయి, ఎండ రోడ్డు మీదికి దిగడమే లేదు. బీచ్‌లో మొసళ్ల హెచ్చరిక బోర్డులున్నాయి, దయచేసి పట్టించుకోండి.

ఇక్కడ ఐదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు, నాలుగున్నరకే చేరుకోవాలి. మేం చేరేసరికి నీళ్లు రాగి రంగులో ఉన్నాయి. చిలకలు గుంపులుగా కూస్తూ అడవిలోకి వెళ్లిపోతున్నాయి. అమ్మ చెప్పులు విప్పి, తడి ఇసుకలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పది అడుగులు నడిచింది.