ఆల్బమ్ రివ్యూ: ఒక్కో పాట గురించి రాయాలా, అంతా కలిపి రాయాలా?

ఆల్బమ్ రివ్యూ రాయడానికి కూర్చోగానే ఒక సంగతి తేల్చుకోవాలి. మొదటి పాట, రెండో పాట అంటూ వరుసగా చెప్పుకుపోవాలా, లేక ఆల్బమ్ మొత్తం మీద ఒక వ్యాసం రాయాలా?

వరుసగా రాయడం సులువు. ఏ పాటా తప్పిపోదు, చదివేవాళ్లు తమకు కావాల్సిన పాట దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. చిక్కల్లా నాలుగో పాటకే మాటలు నిండుకోవడం. ‘వినసొంపుగా ఉంది’, ‘బీట్ అదిరింది’, ‘గాయని ప్రాణం పోసింది’ అన్నవే తిరగేసి మరగేసి రాయాల్సొస్తుంది. పన్నెండు పాటలుంటే సగం పేరాలు భర్తీ సరుకే.

వ్యాసమైతే ఏ పాట ముఖ్యమో, దేన్ని వదిలేయొచ్చో రాసేవాళ్లే తేల్చాలి. కష్టం అక్కడే, రుచీ అక్కడే. పైగా పాటల వరుస గురించి మాట్లాడే వీలు దీంట్లోనే ఉంది. 1948లో ఎల్పీ (లాంగ్ ప్లే) గ్రామఫోన్ రికార్డు వచ్చాక ఒక్కో వైపు సుమారు 22 నిమిషాల సంగీతం పట్టేది. మొదటి వైపు దేనితో ముగించాలి, రికార్డు తిప్పాక ముందు ఏది వినిపించాలి అన్నది కూడా కూర్పులో భాగమే. ఇప్పుడు పాటలు వినే యాప్ స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే పాట ఒకసారి విన్నట్టు లెక్కలోకి వస్తుంది. ఆలోపే వినేవాళ్లను పట్టేయాలన్న తొందర ఆల్బమ్ ఆరంభంలో వినిపిస్తోందా? పాటల్ని విడివిడిగా చూస్తే ఇలాంటి ప్రశ్నే తట్టదు.

అలాగని వ్యాసం గాల్లో తేలిపోకూడదు. ‘మనసును హత్తుకుంటుంది’ అంటే ఏమీ తెలియదు. ‘రెండో చరణంలో డ్రమ్స్ ఠక్కున ఆగిపోతాయి, గొంతూ బేస్ గిటారూ మాత్రం మిగులుతాయి, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా మిక్సింగ్‌లో తీసేయలేదు’ అంటే చదివేవాళ్ల చెవిలో పడుతుంది. అందుకే నా ఓటు వ్యాసానికే అయినా, వినేటప్పుడు నోట్సు మాత్రం పాటవారీగా, నిమిషాలు సెకన్లతో సహా రాసుకోవాలి. కళాకారుడి జీవిత చరిత్రకు రెండు వాక్యాలు చాలు.

ఒక్క మినహాయింపు. వేర్వేరు కాలాల పాటలు ఏరికూర్చిన సంకలనమైతే వరుసగా రాయడమే నిజాయితీ. లేని ఏకసూత్రాన్ని అతికించడం దేనికి?

ఇక రేటింగ్. అమెరికన్ సంగీత విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ 1969 నుంచి ఆల్బమ్‌లకు బడి పిల్లలకిచ్చినట్టు ఏ, బీ గ్రేడ్లు ఇచ్చారు. సంగీత వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి దశాంశాలతో మార్కులు వేస్తుంది. 7.8కీ 7.9కీ తేడా ఏమిటో నాకైతే అంతుపట్టదు. రేటింగ్ తప్పదంటే రివ్యూ పూర్తయ్యాక వేయండి. ముందే వేస్తే రాసిందంతా ఆ అంకెను సమర్థించుకోవడానికే సరిపోతుంది.

విడుదల రోజే రాయాలా, వారం ఆగాలా? ఆగడమే మేలు. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్‌ను 1969లో రోలింగ్ స్టోన్ పత్రిక చీల్చి చెండాడింది, తర్వాత అదే ఆల్బమ్ రాక్ సంగీతంలో మేటి వాటిలో ఒకటైంది. ఆగే తీరిక లేకపోతే ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో, ఒకసారి మామూలు స్పీకర్‌లో అయినా పూర్తిగా విని మొదలుపెట్టండి.