మావాడి క్రికెట్: క్లబ్బులో రెండున్నరేళ్లు, ప్రైవేటు కోచ్ దగ్గర పద్నాలుగు నెలలు

పిల్లోణ్ణి క్లబ్బులో వేయాలా, ప్రైవేటు కోచ్‌ను పెట్టాలా అని ఈమధ్య ఆఫీసులో ముగ్గురు అడిగారు. అనంతపురంలో రెండూ చూసినవాణ్ణి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మావాడు ఇండియాకు ఆడే రకం కాదు, ముందే చెప్తున్నా. ఆ ఆశతో చదివేవాళ్లకు ఇందులో పెద్దగా సరుకు లేదు.

2021 జనవరిలో, వాడికి తొమ్మిదేళ్లప్పుడు, ఇంటికి దగ్గరున్న క్లబ్బులో చేర్పించాం. నెలకు వెయ్యి. పొద్దున ఐదున్నరకి గ్రౌండులో ఉండాలి, ఎందుకంటే మన ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే ఎనిమిది దాటాక పిల్లలు నిలబడలేరు. నలభై మంది పిల్లలు, రెండు నెట్లు. ఒకరోజు ఊరికే ఉండలేక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశా. రెండు గంటల ప్రాక్టీసులో మావాడు ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్ చేసింది ఏడు నిమిషాలు. మిగతాదంతా పరుగులు, క్యాచులు, పెద్ద పిల్లలకు బౌలింగ్ వేయడం, కంపచెట్లలోకి పోయిన బంతులు వెతకడం. పైగా చిన్నవాళ్లకు కూడా పెద్దవాళ్ల బంతే ఇచ్చేవాళ్లు. క్రికెట్ నిబంధనల్లో పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములు, మగవాళ్ల బంతి 156 నుంచి 163 గ్రాములు. వేలు వాచి ఇంటికొచ్చిన రోజు ఆ తేడా ఏంటో బాగా తెలుస్తుంది. అడిగితే "అలవాటైపోతుంది సార్" అన్నారు.

ఆ ఏడు నిమిషాల లెక్క నన్ను చాన్నాళ్లు తిన్నది. 2023 జులైలో క్లబ్బు మాన్పించి ప్రైవేటు కోచ్ దగ్గర వేశా. గంటకు ఐదు వందలు, వారానికి మూడు రోజులు, అంటే నెలకు ఆరు వేలు. ఖాళీ సైట్లో సిమెంటు పిచ్చు, చుట్టూ నెట్టు, ఆయనా మావాడూ, ఇంకెవరూ ఉండరు.

మొదటిరోజే నా తప్పు బయటపడింది. ఎట్లాగూ పెరుగుతాడులే అని, బూట్లు కొన్నట్టు, పదకొండేళ్లోడికి హ్యారో సైజు (పెద్దవాళ్ల బ్యాటుకు ఒక్క మెట్టు తక్కువ) బ్యాటు కొనిపెట్టా నేను. కోచ్ సార్ బంతి కూడా వేయలేదు. "పైచేత్తో ఒక్కదాంతోనే బ్యాటు పట్టుకుని భుజం దాకా పదిసార్లు ఎత్తు" అన్నాడు. నాలుగోసారికే మావాడి చెయ్యి వణికింది. బరువు ఆపలేక కిందిచెయ్యి బిగించి పట్టుకోవడం వాడికి అలవాటైపోయింది, అందుకే ఆఫ్‌స్టంప్ బయట పడిన బంతిని కూడా లెగ్‌సైడుకే లాగేవాడు. క్లబ్బులో అందరూ "స్ట్రెయిట్‌గా ఆడరా" అని అరిచారే గానీ బ్యాటు చూసినవాళ్లు లేరు. (నలభై మందిలో ఎవరిదని చూస్తారులే.) అంతకంటే చిన్నదైన ఐదో నంబరు బ్యాటు కొన్నాం, మూడు నెలల్లో డ్రైవ్ దారికొచ్చింది. నేనైతే ఆ ఆరు వేలకు న్యాయం జరిగిందనే అనుకున్నా.

అక్కడే ఆపి ఉండాల్సింది. ఆపలేదు, ఇంకో పదకొండు నెలలు లాగించా. గంటకు దగ్గర దగ్గర రెండు వందల త్రోడౌన్లు (బౌలింగ్ కాదు, దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులు), అన్నీ ఒకే చేతి నుంచి, సిమెంటు మీద ఒకే ఎత్తులో వస్తాయి. బౌల్డ్ అయినా సార్ ఇంకో బంతి తీసుకుని "మళ్లీ" అంటాడు. ఔట్ అంటే ఏంటో ఆ నెట్లో లేదు. చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది, వీడియోలు తీసి వాళ్లవ్వకు పంపేవాణ్ణి కూడా.

2024 ఆగస్టులో స్కూలు మ్యాచ్. మ్యాట్ వికెట్. మూడో బంతి కవర్స్‌లోకి చక్కగా కొట్టి, కొట్టిన భంగిమలో అట్లాగే నిలబడి చూస్తున్నాడు. అవతలివాడు సగం దూరం వచ్చేశాడు. వీడు ఎస్ అనలేదు, నో అనలేదు. రనౌట్. ఇంటికొస్తూ బండి మీద అన్నాడు, "వాడు ఎందుకు పరిగెత్తాడో నాకు తెలీలేదు నాయనా." పద్నాలుగు నెలల్లో వాడికి అవతలి ఎండ్‌లో ఒక మనిషి ఉన్నదే లేదు, ఇంకెట్లా తెలుస్తుంది.

మరుసటి నెలే మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగాయి. తీసుకుపోయా. స్పిన్నర్ మానవ్ సుతార్ ఏడు వికెట్లు తీసిన ఇన్నింగ్స్ గురించి నేను మాట్లాడుతుంటే వీడు మాత్రం అవతలి ఎండ్‌లో ఉండే బ్యాట్స్‌మన్‌నే, అదే నాన్‌స్ట్రైకర్‌నే చూస్తున్నాడు, బంతి పడ్డప్పుడల్లా రెండడుగులు ముందుకొచ్చి వెనక్కి పోవడం. ఆ వారంలోనే మళ్లీ క్లబ్బుకు పోతానని వాడే అడిగాడు.

ఇప్పుడు పద్నాలుగేళ్లు. క్లబ్బు మానలేదు. ఆదివారం మ్యాచులో తొందరగా ఔటైతే చింతచెట్టు కింద స్కోరుబుక్కు రాయిస్తారు, మూడు గంటలు కదలకుండా. మొదట్లో అది శిక్ష అనుకుని నేనే గొణిగాను. ఇప్పుడు ఎవడు ఏ ఓవర్లో అలిసిపోతాడో, ఎవడు రెండో పరుగుకు బద్ధకిస్తాడో రాత్రి భోజనాల దగ్గర వాడే చెప్తున్నాడు. మ్యాచ్ అయ్యాక అందరూ కలిసి ఉగ్గాని బజ్జీకి పోతారు, ఆ లెక్క కూడా వీడి దగ్గరే.

ప్రైవేటు సార్‌ను వదల్లేదు, కాకపోతే ఏదైనా ఇరుక్కున్నప్పుడే పోతాం. పోయిన దసరా సెలవుల్లో షార్ట్ బాల్‌కు కళ్లు మూస్తున్నాడని ఎనిమిది క్లాసులు, నాలుగు వేలు, అంతే. నెలనెలా కట్టమని ఆయనా అడగలేదు. ఏం సరిచేయాలో తెలిసి పోతే ఆయన దగ్గర గంటలో అయ్యే పని క్లబ్బులో ఏడాదికీ కాదు. ఏమీ తెలీకుండా మొదటి రోజు నుంచే ఆయన దగ్గర వేస్తే మాత్రం బాగా ఆడే నెట్ బ్యాట్స్‌మన్ తయారవుతాడు, మావాడిలాగా.

క్లబ్బులో ఇప్పటికీ నెట్టు టైము పది నిమిషాలు దాటదు. పిల్లల బంతులు మాత్రం మేం నలుగురు తల్లిదండ్రులం డబ్బులేసుకుని డజను తెచ్చిచ్చాం, చిన్న బ్యాచ్‌కు అవే వాడుతున్నారు. వచ్చే జూన్‌లో మా పాప కూడా ఆ బ్యాచ్‌లోకే వస్తుంది. దానికి బ్యాటు కొనడానికి నన్ను పంపనని మా ఆవిడ ఇప్పుడే చెప్పేసింది.