కొత్తగా వచ్చినవాళ్ల కోసం నడిపే ఇంగ్లీషు క్లాసులు, కలివిడి సమావేశాలు: ఎంతవరకు పనికొస్తాయి?

పరాయి దేశంలో కొత్తగా దిగినవాళ్ల కోసం లైబ్రరీలు, కమ్యూనిటీ సెంటర్లు, యూనివర్సిటీలు, ప్రార్థనా మందిరాలు నడిపే ఇంగ్లీషు క్లాసులు ఎక్కువగా ఒకే మూసలో ఉంటాయి. వారానికి ఒకట్రెండు సార్లు, గంటన్నర నుంచి రెండు గంటలు, పాఠం చెప్పేది వాలంటీర్లు, ఫీజు ఉండదు లేదా నామమాత్రం. దానికి తోడు నెలకోసారి అన్ని దేశాలవాళ్లూ కలిసే కల్చరల్ గ్యాదరింగ్. మాట్లాడాలంటే ఉండే బెరుకు పోవడానికి ఇవి చాలా బాగా పనిచేస్తాయి. పరీక్షలో స్కోరు కోసమో, వ్యాకరణం అక్షరాల దగ్గర్నుంచి నేర్చుకోవడానికో అయితే వీటినే నమ్ముకోవద్దు.

మంచి క్లాసును పోల్చుకోవడానికి గడియారం చాలు. 90 నిమిషాల క్లాసులో 16 మంది ఉన్నారనుకోండి. హాజరు, కాగితాలు పంచడం, టీచర్ వివరణ కలిపి 40 నిమిషాలు పోతాయి. మిగిలిన 50 నిమిషాల్లో ఒక్కొక్కరినీ వరసగా లేపి మాట్లాడిస్తే మనిషికి మూడు నిమిషాల చిల్లర దక్కుతుంది. అదే 50 నిమిషాలు జంటలుగా కూర్చోబెడితే మనిషికి 25 నిమిషాలు. టీచర్ ఎంత సరదాగా చెప్పినా, ఆ గంటన్నరలో మీ నోరు మూడు నిమిషాలే తెరుచుకుంటే మీరు వినడానికి వెళ్లొచ్చినట్టే.

జంటల పని అంటే ‘మీరిద్దరూ మాట్లాడుకోండి’ అని వదిలేయడం కాదు. అలా వదిలేస్తే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి, ఫోన్లు బయటికొస్తాయి. బాగా సాగే పని ఇలా ఉంటుంది: ఇద్దరికీ ఒకే వారం క్యాలెండర్ ఇస్తారు. ఒకరి కాగితంలో కొన్ని అపాయింట్‌మెంట్లు, రెండోవాళ్ల కాగితంలో వేరేవి. కాగితం చూపించకుండా అడిగి తెలుసుకుని, ఇద్దరికీ ఖాళీగా ఉన్న గంట పట్టుకోవాలి. ఒకరు ‘టూ ఫిఫ్టీన్’ అంటారు, ఎదుటివాళ్లు 2:50 అని రాసుకుంటారు. చివర్లో కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు తప్పు బయటపడుతుంది. అప్పుడు టీచర్ ‘ఫిఫ్టీన్’లో ఊనిక చివర పడుతుందని, ‘ఫిఫ్టీ’లో మొదట పడుతుందని చెప్తే ఇక మర్చిపోరు. అదే సంగతి బోర్డు మీద రాసి వివరిస్తే ఇంటికెళ్లేలోపు పోతుంది.

తెలుగువాళ్లు తమంతట తాముగా అడిగి దిద్దించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాలంటీర్లకు తెలుగు సంగతి తెలియదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బస్’ మన నోట్లో ‘బస్సు’ అవుతుంది. ఇంగ్లీషులో వి, డబ్ల్యూ వేర్వేరు శబ్దాలు, మనకు రెండూ ‘వ’యే. పేరులో వి ఉన్నవాళ్లు ఫోన్లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఇబ్బంది పడేది ఇక్కడే. ఒక్కో అక్షరానికి ఒక మాట ముందే సిద్ధం చేసుకోవాలి, ‘వి ఫర్ విక్టర్’ అన్నట్టు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే చాలాచోట్ల ప్రశ్న ఉందని కాదు, మీరు నమ్మడం లేదని అర్థమవుతుంది. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2015’ అంటే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ‘లేదా?’, ‘రాలేదా?’ లాంటి ప్రశ్నలకు మనమిచ్చే జవాబు. ‘మీ దగ్గర ఫారం లేదా?’ అంటే మనం ‘అవును, లేదు’ అంటాం. ఇంగ్లీషులో ‘డోంట్ యూ హావ్ ద ఫామ్?’ అన్నప్పుడు అదే అలవాటుతో ‘యెస్’ అంటే, కౌంటర్ అవతలి మనిషి మీ దగ్గర ఉందనుకుని చెయ్యి చాపి ఎదురుచూస్తారు. అక్కడ ‘నో, ఐ డోంట్’ అనాలి. ఇది తెలివికి సంబంధించింది కాదు, రెండు భాషల కట్టులో ఉన్న తేడా. రోజుకు పది ప్రశ్నల చొప్పున రెండు వారాలు జంటగా సాధన చేయించమని టీచర్‌ని అడగండి, సంతోషంగా చేయిస్తారు.

వాలంటీర్లు మనసున్నవాళ్లు, అందులో అనుమానం లేదు. అయితే ఆ భాషలో పుట్టిపెరిగినవాళ్లకు తప్పు వినపడుతుందే గానీ ఎందుకు తప్పో చెప్పడం అందరికీ రాదు. సెల్టా లాంటి ఇంగ్లీషు బోధన శిక్షణ పొందినవాళ్లు ఉంటే ఆ తేడా మొదటి క్లాసులోనే తెలుస్తుంది. సెల్టాలో కనీసం 120 గంటల కోర్సు, అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటల బోధన ఉంటాయి. వారానికొక వాలంటీర్ మారుతుంటే ఇంకో చిక్కు: నిన్నటి పాఠం ఎక్కడ ఆగిందో కొత్త మనిషికి తెలియదు. ఏం చెప్పారో రాసిపెట్టే రిజిస్టరు ఉందా అని అడగండి. ఎప్పుడంటే అప్పుడు కొత్తవాళ్లను చేర్చుకునే క్లాసుల్లో ప్రతి వారం పరిచయాలతోనే మొదలవుతుంది, నాలుగో నెలలో కూడా మీరు పేరు, ఊరు దగ్గరే ఉంటారు. 10, 12 వారాల టర్ముగా, మధ్యలో చేరికలు ఆపి నడిపేవి చాలా మేలు.

స్థాయి చూసే పద్ధతి కూడా గమనించండి. అడుగున ఎ1 నుంచి పైన సి2 వరకు ఆరు మెట్ల కొలత యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించింది, ఎక్కువమంది వాడేది అదే. కాగితం పరీక్ష ఒక్కటే పెట్టి మెట్టు నిర్ణయిస్తే మనవాళ్లకు అన్యాయం జరుగుతుంది. డిగ్రీ దాకా ఇంగ్లీషులో చదివినవాళ్లు చదవడంలో బి2కి తేలి, మాటలో ఎ2 దగ్గర తడబడతారు. పై క్లాసులో పడి నోరు మెదపకుండా కూర్చుని, మూడో వారానికి మానేస్తారు. ఐదు పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే చోటే చేరండి.

గంటల లెక్క ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ఇంగ్లీషు పరీక్షలు నడిపే కేంబ్రిడ్జ్ సంస్థ అంచనా ప్రకారం మొదటినుంచి ఎ2 చేరడానికి 180–200 గంటలు, బి1కి 350–400 గంటల బోధన కావాలి. అంటే ఎ2 నుంచి బి1కి మరో 150–200 గంటలు. వారానికి రెండు గంటల క్లాసు ఒక్కటే అయితే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, సెలవులు కలిపితే ఇంకా ఎక్కువ. క్లాసు బయట రోజూ ఇరవై నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడితేనే ఈ లెక్క ముందుకు జరుగుతుంది. గ్యాదరింగుల విలువ అక్కడే.

వీటిలో రెండు రకాలు కనిపిస్తాయి. స్టేజీ వేసి పాటలు, డాన్సులు పెట్టేవి ఒక రకం. ఎనభై మంది వస్తారు, పది మంది ఆడిపాడతారు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. కన్నుల పండుగే, కానీ మాట కలవదు. రెండో రకంలో నలుగురేసి కూర్చునే బల్లలుంటాయి, ఒక్కో బల్లకు స్థానికులు ఒకరు, ఒకే భాషవాళ్లు ఒక బల్ల దగ్గర ఇద్దరికి మించరు, పదిహేను నిమిషాలకోసారి మారతారు. చీట్లు ఇచ్చి కూర్చోబెట్టకపోతే ఏ దేశంవాళ్లు ఆ మూల చేరతారు, తెలుగువాళ్లం అందరికంటే ముందు చేరతాం. ప్రశ్నలు కూడా ఆలోచించి పెట్టినవై ఉండాలి. ‘ఇక్కడ నచ్చిందా?’ అంటే ‘యెస్’తో అయిపోతుంది. ‘మీ ఊళ్లో కొత్తవాళ్లు ఇంట్లో దిగితే పక్కింటివాళ్లు ఏం చేస్తారు?’ అంటే ఐదు నిమిషాలు నడుస్తుంది. ‘మీ దేశం ఎందుకు వదిలి వచ్చారు?’ అని మాత్రం మొదటి పరిచయంలో ఎవరినీ అడగకూడదు, ప్రాణభయంతో వచ్చినవాళ్లు ఆ బల్ల దగ్గరే ఉండొచ్చు. ఎవరి వంట వాళ్లు తెచ్చే సమావేశాల్లో గిన్నె పక్కన చీటీ తప్పనిసరి: పాలు, గుడ్డు, గింజలు, మాంసం ఉన్నాయో లేవో. ఆ చీటీ చూసి నలుగురు వచ్చి అడుగుతారు, మీకు నాలుగుసార్లు అదే వివరణ చెప్పే అవకాశం. నాలుగోసారికి మాట తడబడదు.

ప్రార్థనా మందిరాల్లో నడిచే క్లాసుల్లో కొన్నిచోట్ల చదివే పాఠం మత గ్రంథంలోదే ఉంటుంది. దాపరికం లేకుండా ముందే చెప్పేవాళ్లు, ఆ భాగం ఐచ్ఛికంగా ఉంచేవాళ్లు ఉన్నారు. చేరేటప్పుడే అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఇక్కడిచ్చే సర్టిఫికెట్ హాజరుకు గుర్తు మాత్రమే. చదువుకో, పౌరసత్వానికో భాషా రుజువు కావాలంటే ఆ దేశం ఒప్పుకునే పరీక్ష ఏదో చూసుకుని రాయాలి. కెనడాలో 1992 నుంచి లింక్, ఆస్ట్రేలియాలో 1948 నుంచి ఏఎంఈపీ పేర్లతో ప్రభుత్వ క్లాసులున్నాయి, అర్హత ఉంటే ముందు వాటికే వెళ్లండి. కానీ విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు వాటిలో చోటు లేదు. వాళ్లకు ఈ కమ్యూనిటీ క్లాసులే దిక్కు. వాళ్లను పంపేముందు మూడు సంగతులు కనుక్కోండి: పగటిపూట క్లాసు ఉందా, బస్సు దిగి ఎంత దూరం నడవాలి, ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి చిరునామా చెప్పడం మొదటి నెలలోనే నేర్పుతారా.