పిస్టనా, డయాఫ్రమా? కృష్ణ నీళ్ళలో దిగేవాళ్ళకు ఏ రెగ్యులేటర్ మేలు

మొన్న వనపర్తి నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అండమాన్‌లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ మోసుకుని నీళ్ళ అడుగుకు దిగడం) అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి వచ్చాడు, ఇప్పుడు టెక్నికల్ డైవింగ్ నేర్చుకుందామని డబ్బులు కూడబెడుతున్నాడు. "అన్నా, ఒకాయన తన పిస్టన్ రెగ్యులేటర్ సెట్టు సగం ధరకు ఇస్తనంటున్నడు. కొత్త డయాఫ్రమ్ సెట్టు కావాల్నంటే ఇంకో ఏడాది ఆగాలె. ఏది తీసుకోను?" అని అడిగాడు. ఫోన్‌లో తేలే సంగతి కాదు, తీరిగ్గా రాస్తానన్నాను. మన వైపు నీళ్ళలో దిగాలనుకునే మిగతా పిల్లలకూ పనికొస్తుందని అందరికీ రాస్తున్నాను.

నేను పదకొండేళ్ళుగా ప్రాజెక్టుల దగ్గర నీటి అడుగు పనులు చేస్తున్నాను. గేట్ల రబ్బరు సీళ్ళు చూడటం, పంపుహౌసు ముందు ఇనుప జాలీలకు పట్టిన చెత్త తీయడం, ఎవరైనా మునిగిపోతే పోలీసులు పిలిచినప్పుడు వెళ్ళడం. పనులు లేని రోజుల్లో సముద్రానికి పోయి టెక్నికల్ డైవింగ్ చేస్తాను. కాబట్టి ఉప్పునీళ్ళూ తెలుసు, మన ఒండ్రు నీళ్ళూ తెలుసు.

రెగ్యులేటర్ మనకు తెలియని వస్తువేమీ కాదు. ప్రతి వంటింట్లో గ్యాస్ సిలిండర్ మీద ఒకటి ఉంటుంది. లోపల ఒత్తిడి ఎంతున్నా పొయ్యికి ఒకే తీరుగా గ్యాస్ పంపడం దాని పని. డైవింగ్ రెగ్యులేటర్ పుట్టుక కూడా అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క ఫ్రాన్సులో కార్లను గ్యాస్‌తో నడిపేవాళ్ళు. ఆ కార్ల కోసం తయారుచేసిన రెగ్యులేటర్‌ను ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు, నౌకాదళ అధికారి జాక్ కుస్తో అడిగితే, నీళ్ళలో పనిచేసేలా మార్చాడు. అది 1943 నాటి మాట. ఇప్పుడు మన సిలిండర్‌లో 200 బార్ (ఒక బార్ అంటే ఇంచుమించు గట్టుమీద ఉండే గాలి ఒత్తిడి) గాలి ఉంటే, సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్ ఎక్కువగా ఉండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మనం పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే వదులుతుంది. పిస్టనా డయాఫ్రమా అన్న తేడా ఫస్ట్ స్టేజ్‌లో ఉంటుంది.

మామూలు డైవింగ్‌లో ఏదైనా చెడితే పైకి వచ్చేయొచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ వీలు లేదు. ఒంట్లో చేరిన నైట్రోజన్ దిగేదాకా దారిలో ఆగి ఆగి పైకి రావాలి, లేదంటే నెత్తిమీద ఓడ డెక్కో గుహ కప్పో ఉంటుంది. అందుకే రెండు ఫస్ట్ స్టేజ్‌లు, రెండు సెకండ్ స్టేజ్‌లు మోసుకుపోతాం. "నమ్మకం" అన్న మాటకు ఇక్కడ ఉన్నంత బరువు మామూలు డైవింగ్‌లో లేదు.

పిస్టన్ రకంలో నడుమ బోలుగా ఉండే ఒక లోహపు పిస్టన్, దాని చుట్టూ స్ప్రింగు ఉంటాయి. బయటి నీళ్ళు రంధ్రాల గుండా లోపలికొచ్చి నేరుగా పిస్టన్ తలను నెడతాయి. కదిలే భాగాలు తక్కువ, గాలి ధారాళంగా వస్తుంది, సర్వీసు కూడా సులువు. స్కూబాప్రో ఎంకే25 దీనికి పేరున్న ఉదాహరణ. డయాఫ్రమ్ రకంలో నీళ్ళకూ లోపలి భాగాలకూ మధ్య ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్ళు ఆ పొరను మాత్రమే నెడతాయి, పొర వెనక ఉన్న పుల్ల వాల్వును తెరుస్తుంది. సీల్ చేసిన మోడళ్ళలో బయట ఇంకో పొర ఉండి స్ప్రింగుకు కూడా తడి తగలనివ్వదు. అపెక్స్ డీఎస్‌టీ, స్కూబాప్రో ఎంకే17 ఈ కోవలోవి. భాగాలు ఎక్కువ, సర్వీసుకు టైం ఎక్కువ.

పుస్తకం మీద చూస్తే రెండూ మంచివే. తేడా మన నీళ్ళు చెబుతాయి.

నాగార్జునసాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేదని లెక్క. ఇప్పుడు 312 అంటున్నారు. శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయింది. ఆ తగ్గినదంతా పూడిక. పైనుంచి కృష్ణమ్మ మోసుకొచ్చిన మన్ను అడుగున మెత్తగా పరుచుకుని ఉంటుంది. మోకాలు ఆనితే చాలు, పొగలా లేచి టార్చి వెలుతురును మింగేస్తుంది. ఆ మన్ను ఎంత మెత్తనిదంటే రెండు వేళ్ళ మధ్య రుద్దితే జల్లించిన శనగపిండిలా జారుతుంది.

ఆరేళ్ళ కింద, వరద తగ్గిన కార్తీకంలో ఒక జాలీ దగ్గర వారం రోజులు పనిచేశాను. అప్పుడు నా దగ్గర ఉన్నది పిస్టన్ ఫస్ట్ స్టేజ్. ఐదో రోజు తోటివాడు నా భుజం తట్టి తల వెనక చూపించాడు. ఫస్ట్ స్టేజ్ రంధ్రాల్లోంచి సన్నని బుడగలు, అగరుబత్తి పొగలా, వరసగా పైకి పోతున్నాయి. లోతు పదిహేను మీటర్లే, పైకప్పు లేదు, కాబట్టి నిదానంగా పైకి వచ్చేశాం. అదే నలభై మీటర్ల లోతులో, అరగంట స్టాపులు బాకీ ఉండగా అయితే ఎంత టెన్షనో ఊహించుకోండి.

తర్వాత సర్వీసు చేసేటాయన నా ముందే విప్పాడు. స్ప్రింగు చుట్ల మధ్య ఎర్రటి మన్ను గ్రీజుతో కలిసి పేస్టులా గట్టిపడింది. పిస్టన్ తల చుట్టూ ఉండే ఓ-రింగును (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు) గుడ్డమీద పెట్టి తుడిస్తే గుడ్డ ఇటుక రంగుకు తిరిగింది. రింగు అంచున గోరుతో గీరినట్టు సన్నని గాటు. గాలి తప్పించుకుంటున్నది అక్కడి నుంచే. ఆ పిస్టన్ తయారీలో లోపమేమీ లేదు. అది తేట నీళ్ళ కోసం చేసిన సరుకు, నేను బురదలో వాడాను. ప్రతిరోజూ రంధ్రాల్లోకి మంచినీళ్ళ ధార పట్టి కడిగి ఉంటే ఇంకొంత కాలం నడిచేదేమో గాని, గట్టుమీద ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు కూడా అదే చెరువువి అయినప్పుడు కడగడం మాటే గాని పని కాదు.

సీల్ చేసిన డయాఫ్రమ్‌ను కంపెనీలు అమ్మేది చలి నీళ్ళ కోసమని. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చలి నీళ్ళు. అక్కడ ఫస్ట్ స్టేజ్‌లో చేరిన తడి గడ్డకట్టి వాల్వు తెరుచుకుపోతుంది, గాలంతా ఆగకుండా బయటికి పోతుంది. మన సాగర్ అడుగున చలి అనిపిస్తుందే గాని గడ్డకట్టే మాట లేదు. కాబట్టి చలి కోసం మనం పైసా కూడా ఎక్కువ పెట్టక్కర లేదు. కానీ మంచును ఆపే ఆ పొరే మన మన్నును కూడా ఆపుతుంది. ఆరేళ్ళుగా సీల్ డయాఫ్రమ్ వాడుతున్నాను. సర్వీసుకు విప్పిన ప్రతిసారీ లోపల స్ప్రింగు కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. జలాశయాల్లో దిగేవాళ్ళకు నా ఓటు దానికే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో తప్ప ఇంకెక్కడా దిగనన్నవాళ్ళు పిస్టన్ నిశ్చింతగా తీసుకోవచ్చు. తేట నీళ్ళు, రోజూ సాయంత్రం కడగడానికి మంచినీళ్ళ తొట్టి, ఇంకేం కావాలి. లోతుగా పోయేవాళ్ళు బ్యాలెన్స్‌డ్ అన్న మాట మాత్రం చూసుకోవాలి. బ్యాలెన్స్ లేని పిస్టన్‌లో సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ గాలి బిగుతుగా వస్తుంది. అవసరం ఎక్కువయ్యే వేళకే అది చేతులెత్తేస్తుంది. పైకి వస్తూ 6 మీటర్ల దగ్గర ఆగినప్పుడు ఆక్సిజన్ పీల్చే చిన్న సిలిండర్‌కైతే అదే చవక పిస్టన్ చాలు, ఆ లోతులో దానికి శ్రమ లేదు. కాకపోతే 40 శాతం మించి ఆక్సిజన్ తగిలే రెగ్యులేటర్‌ను విప్పి, ఆక్సిజన్‌కు తగ్గట్టు శుభ్రం చేయించి, దానికి పనికొచ్చే గ్రీజే వేయించాలి. టైటానియంతో చేసినదైతే దానికి అసలు వాడకూడదు, ఆక్సిజన్‌లో ఆ లోహం అంటుకుంటుంది.

సిలిండర్‌కు బిగించే పద్ధతిలో డిన్, యోక్ అని రెండున్నాయి. ఇక్కడ తర్కం అక్కర లేదు, డిన్ తీసుకోండి. యోక్ ఒక కొక్కెంలా వాల్వును పట్టుకుంటుంది, 232 బార్ దాకా పనికొస్తుంది. ఏ కమ్మీకో తగిలితే కదిలి ఓ-రింగు బయటికి తన్నుకొస్తుంది. డిన్ మరమేకులాగా వాల్వు లోపలికి బిగుస్తుంది, ఓ-రింగు లోపలే ఇరుక్కుని ఉంటుంది, 300 బార్ రకాలూ దొరుకుతాయి. మన దేశంలో అద్దె సిలిండర్లు చాలాచోట్ల యోక్‌వే కాబట్టి సంచిలో ఒక అడాప్టర్ పెట్టుకుంటే సరి.

ఎంత లోతులోనైనా వెన్నలా గాలి వస్తుందని ప్రకటనల్లో రాస్తారు. ఈఎన్ 250 పరీక్ష 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల లెక్కన గాలి లాగుతూ జరుగుతుంది. అందులో నెగ్గిన ఏ మంచి రెగ్యులేటరైనా చాలు. ఆపైన శ్వాస బరువెక్కేది గాలి చిక్కబడటం వల్ల. 40 మీటర్ల దగ్గర మనం పీల్చే గాలి గట్టుమీద కంటే ఐదు రెట్లు చిక్కన, లీటరుకు 6 గ్రాముల పైనే. 6.2 దాటకూడదని ఈ శాస్త్రం తెలిసినవాళ్ళ హెచ్చరిక. దానికి విరుగుడు హీలియం కలిపిన గ్యాసు, లేదా తక్కువ లోతు. ఖరీదైన రెగ్యులేటర్ కాదు.

లోతు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి, ఇది రెగ్యులేటర్ సంగతి కాకపోయినా చెప్పాలి. సాగర్ నిండు మట్టం సముద్రమట్టం కంటే 590 అడుగుల ఎత్తు, శ్రీశైలం 885. రెండూ 300 మీటర్ల లోపే కాబట్టి స్టాపులకు సముద్రం లెక్కలే సరిపోతాయి. జూరాల 1,045 అడుగులు, అంటే 318 మీటర్లు. అక్కడ దిగేటప్పుడు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో ఎత్తు సెట్టింగ్ చూసుకోండి. ఏ ప్రాజెక్టులోనైనా నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా కాలు పెట్టకండి, గేట్ల దగ్గర నీటి లాగుడు ప్రాణాలు తీస్తుంది.

ఇక అసలు విషయం, సర్వీసు. నల్గొండలో గాని పాలమూరులో గాని రెగ్యులేటర్ విప్పి సరిచేసేవాళ్ళు నాకు దొరకలేదు. బోరు మోటారు నీళ్ళలోంచి తీసి గంటలో సీలు మార్చే మెకానిక్కులు మిర్యాలగూడ నిండా ఉన్నారు గాని, ఇది వాళ్ళకిచ్చే పని కాదు. విశాఖకో చెన్నైకో పంపాలి. కంపెనీని బట్టి ఏడాదికో రెండేళ్ళకో, లేదంటే 100 డైవ్‌లకో లోపలి సీట్లు (వాల్వు మూసుకునే చోట ఉండే మెత్తటి బిళ్ళలు), ఓ-రింగులు మార్చాలి. ఒకసారి నాది ఒక దుకాణానికి పంపితే మార్చే భాగాల కిట్టు రాలేదంటూ నాలుగు నెలలు పెట్టుకున్నారు. ఆ సీజన్ పనులన్నీ వేరేవాళ్ళకు పోయాయి. అప్పటి నుంచి కొనేముందు నేను అడిగే మొదటి ప్రశ్న ధర కాదు. దీన్ని ఎవరు విప్పుతారు, దీని కిట్టు ఇప్పుడు మీ అల్మారాలో ఉందా అని అడుగుతాను. పొసైడన్ స్వీడన్ కంపెనీ. వాళ్ళ ఎక్స్‌స్ట్రీమ్ మోడల్‌లో చిన్న వాల్వు పెద్ద వాల్వును తెరిచే సర్వో పద్ధతి పెట్టారు, గాలి హాయిగా వస్తుంది, నాకు చాలా ఇష్టం. అయినా కొనలేదు, ఆ పద్ధతి నేర్చుకున్న చేయి నాకు దగ్గరలో లేదు. నేను దిగిన చోటల్లా ఎక్కువ కనబడ్డవి స్కూబాప్రో, అపెక్స్, ఆక్వాలంగ్. ఊరుకాని ఊళ్ళో ఒక ఓ-రింగు కావాలంటే పక్కవాడి సంచిలో దొరికేది కూడా వీటివే.

అదే లెక్కన, ఒక ఖరీదైన మోడల్ కంటే మధ్యరకం రెండు, అచ్చంగా ఒకేలాంటివి కొనడం మేలు. రెండింటికీ ఒకే కిట్టు, ఒకే పానా. సెకండ్ స్టేజ్ ముందు మూత చేత్తో విప్పగలిగేది చూసుకోండి. ఊపిరి వదిలే చోట ఉండే పలుచటి రబ్బరు వాల్వు కింద ఒక్క పరక ఇరుక్కున్నా ప్రతి శ్వాసతో నోట్లోకి నీళ్ళొస్తాయి. గట్టుమీద మూత విప్పి కడిగితే రెండు నిమిషాల పని.

తమ్ముడూ, నీ సగం ధర పిస్టన్ సంగతి. సర్వీసు కిట్లు, కూలీ, కొత్త గొట్టాలు కలిపితే ఆ సగం ముప్పావు అవుతుంది. నువ్వు శ్రీశైలం వెనక నీళ్ళలో, సోమశిల దగ్గర కూడా దిగుతానంటున్నావు కాబట్టి అది నీ ప్రధాన సెట్టుగా పనికిరాదు. కొత్త డయాఫ్రమ్ కోసం ఏడాది ఆగు, అప్పటిదాకా కోర్సులో అద్దె సెట్టు వాడుకో. అయినా అమ్మేటాయనకు మాట ఇచ్చానంటున్నావు, సంక్రాంతికి దాన్ని ఇక్కడికి తీసుకురా. ముందు సిలిండర్ మూసి ఉంచి సెకండ్ స్టేజ్‌లోంచి గాలి పీల్చి చూద్దాం, కొంచెమైనా వస్తే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. తర్వాత నీళ్ళలో తేలడానికి వేసుకునే జాకెట్టుకు గాలి పోయే గొట్టానికి ఒత్తిడి చూపే నా చిన్న గేజీ తగిలించి పది నిమిషాలు వదిలేద్దాం. ముల్లు తొమ్మిదిన్నర బార్ దగ్గర ఆగి కదలకుండా ఉంటే, ఆక్సిజన్‌కు తగ్గట్టు శుభ్రం చేయించి ఆ చిన్న సిలిండర్‌కు పెట్టుకుందువు, ధర ఇంకొంచెం తగ్గించమని నేనే మాట్లాడతాను. పది, పదకొండు, పన్నెండు అంటూ మెల్లగా పాకితే లోపలి సీటు అరిగిపోయినట్టు. అప్పుడు ఆయనకు చాయ్ తాగించి పంపేద్దాం.