నెట్ పోయిన చోట ఏ మ్యాప్ దారి చూపిస్తుంది?

కొత్త చోటికి బండి మీద వెళ్తున్నాను, కొండదారి మొదలయ్యేసరికి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. అప్పటిదాకా చక్కగా దారి చెబుతూ వచ్చిన యాప్‌లో రోడ్లన్నీ మాయమై, ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగిలింది. ఎక్కడో మలుపు తప్పాను, అదేమో కొత్త రూట్ వెతకలేక అలాగే తిరుగుతూ ఉండిపోయింది. చీకటి పడుతోంది, అడుగుదామంటే మనిషి లేడు. ఆ టెన్షన్ ఇంకెప్పుడూ వద్దనుకుని, ఉచితంగా దొరికే మ్యాప్ యాప్‌లు కొన్ని ఫోన్‌లో వేసుకుని ఒక్కొక్కటీ వాడి చూస్తూ వచ్చాను.

ముందు ఒక విషయం, చాలామంది పొరబడేది ఇక్కడే. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే సిగ్నల్‌ని ఫోన్ అందుకుంటుంది, అంతే, దానికి తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు దొరికితే చాలు, మనం ఎక్కడున్నామో లెక్క కట్టేస్తుంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎటుందో ముందే తెలిసిపోతుంది కాబట్టి చుక్క త్వరగా పడుతుంది, లేకపోతే ఇంకాస్త ఆగాలి, తేడా అదే. ఆ రోజు నేనెక్కడున్నానో నా ఫోన్‌కి తెలుసు. లేనిది మ్యాపే.

అందుకే ఇప్పుడు నేను ఎక్కువగా నమ్ముకున్నది ఆర్గానిక్ మ్యాప్స్. 2021లో వచ్చింది. అకౌంట్ అడగదు, ప్రకటనలు ఉండవు, మనం ఎటు వెళ్తున్నామో ఎవరికీ పంపదు. కావాల్సిన ప్రాంతం మ్యాప్ ఒకసారి దించుకుంటే వెతకడం, రూట్ వేయడం, మలుపు తప్పితే మళ్లీ వేయడం అన్నీ ఫోన్‌లోనే జరిగిపోతాయి. నడకదారులు చూపించడంలో దీన్ని నేను చాలా ఇష్టపడతాను, కొండ ఎక్కే దారిలో ఎంత ఎత్తు ఎక్కాలో ఎక్కడ దిగాలో గీత గీసి మరీ చూపిస్తుంది, కాళ్లనొప్పులున్న పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లేటప్పుడు అది ఎంత పనికొస్తుందో చెప్పలేను.

లోటు లేదని కాదు. ట్రాఫిక్ సంగతి దీనికి తెలియదు. షాపు పేరు కొట్టి వెతికితే ఒక్కోసారి దొరకదు, ఇంటి నంబర్లు చాలా చోట్ల లేవు. దీని వెనకున్న మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే 2004 నుంచి మామూలు జనమే కలిసి గీస్తున్నది, ఎవరూ గీయని చోట ఖాళీగానే ఉంటుంది. కానీ ఆ ఖాళీని మనమే పూరించవచ్చు. నేను రోజూ నడిచే కాలిబాట అందులో లేకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తీసుకుని నేనే గీశాను, కొన్ని వారాల తర్వాత మ్యాప్ అప్‌డేట్ చేసి చూస్తే ఆ సన్నటి చుక్కల గీత కనిపించింది. నిజంగా సంతోషమేసింది.

ఓఎస్ఎమ్‌అండ్ అనే యాప్ కూడా అదే మ్యాప్ వాడుతుంది, సెట్టింగులు బోలెడు, ఓపిక ఉన్నవాళ్లకి బాగుంటుంది, ఉచిత వెర్షన్‌లో ఎన్ని మ్యాప్‌లు దించుకోవచ్చన్నదానికి పరిమితి ఉంది. హియర్ వియ్‌గో ఒకప్పటి నోకియా మ్యాప్స్ నుంచి వచ్చింది. ఆఫ్‌లైన్‌లో కారు నడిపేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది.

సిటీ రోడ్ల మీదికి వస్తే మాత్రం గూగుల్ మ్యాప్స్‌ని తీసేయలేకపోయాను. రోడ్డు మీద కదులుతున్న ఫోన్లు ఎంత నెమ్మదిగా పోతున్నాయో చూసి జామ్ ఎక్కడుందో చెబుతుంది, ఆ పని ఆఫ్‌లైన్ యాప్ ఎంత మంచిదైనా చేయలేదు. దీంట్లోనూ మ్యాప్ దించుకునే వీలుంది, కానీ ఆఫ్‌లైన్‌లో బండి దారి మాత్రమే చెబుతుంది, నడక, బస్సు రూట్లు రావు, ట్రాఫిక్ ఎలాగూ రాదు. వేజ్ అని ఇంకో మ్యాప్ యాప్ ఉంది, దాన్ని గూగుల్ 2013లో కొనేసింది. ముందు యాక్సిడెంట్ ఉందని, రోడ్డు మూసేశారని వాడేవాళ్లే చెబుతుంటారు కాబట్టి ఎక్కువమంది వాడే చోట బ్రహ్మాండంగా ఉంటుంది, తక్కువమంది ఉన్న చోట పెద్దగా ఉపయోగం లేదు, నెట్ లేకపోతే అసలే లేదు.

ఏ యాప్ అయినా రెండు నిమిషాలు తగ్గుతాయంటే ఇరుకు సందుల్లోకి తిప్పేస్తుంది. దానికి నిమిషాలే లెక్క, ఎదురుగా ఇంకో బండి వస్తే ఎక్కడ తప్పుకోవాలన్నది కాదు. అందుకని బయల్దేరే ముందు రూట్ మొత్తం వేలితో జరుపుతూ ఒకసారి చూసుకుంటాను, ముఖ్యంగా చివరి రెండు కిలోమీటర్లు. ఫ్లైఓవర్ల దగ్గర కూడా జాగ్రత్త, మనం పైనున్నామో కింద సర్వీస్ రోడ్డులో ఉన్నామో చుక్కకి తరచూ తెలియదు, అక్కడ గొంతు చెప్పేది కాక బోర్డు చూసి వెళ్లడమే మేలు. ఇక బ్యాటరీ. స్క్రీన్ వెలుగుతూ ఉంటే ఛార్జింగ్ నీళ్లలా ఖర్చవుతుంది, ఎండలో హోల్డర్‌కి పెట్టిన ఫోన్ బాగా వేడెక్కిపోతుంది కూడా. మలుపులు దూరంగా ఉన్నప్పుడు స్క్రీన్ ఆపేసి గొంతు మాత్రం వింటూ వెళ్తే చాలాసేపు వస్తుంది.

ఇంట్లోంచి కదలకముందు నేను చేసేది ఒకటుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి, వెళ్లాల్సిన చోటికి రూట్ వేసి చూస్తాను. గీత పడితే మ్యాప్ సరిగ్గా దిగినట్టే. మధ్యలో ఆగిపోయిందంటే పక్క ప్రాంతం మ్యాప్ దించుకోవడం మర్చిపోయానన్నమాట, అప్పుడింకా వైఫై చేతిలోనే ఉంటుంది.