ఏడేళ్ల గేమింగ్ పీసీ: ఏం మార్చాను, ఏం ఉంచేశాను

2018 దసరాకి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో షాపు షాపూ తిరిగి, ఒక్కో పార్టూ కొని బిగించుకున్న పీసీ ఇది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. ఐదేళ్లు దాటాక "అమ్మేసి కొత్తది కొనుక్కో" అని ఫ్రెండ్స్ అందరూ అన్నారు. నేను కొనలేదు. ఇప్పటికీ రోజూ దీని మీదే ఆడుతున్నాను.

మొదట, 2023లో, గ్రాఫిక్స్ కార్డు మార్చి ఆర్‌ఎక్స్ 6600 పెట్టాను. అది తీసుకునే కరెంటు 132 వాట్లే కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) సరిపోయింది. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ గేమ్‌కి కార్డులోనే రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని నిజంలా లెక్కకట్టే పద్ధతి) ఉండాలి. 1060లో అది లేదు, 6600లో ఉంది.

ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే ఫ్రేముల సంఖ్య) బాగా పెరిగింది కానీ సైబర్‌పంక్ 2077లో జనం నిండిన బజార్లోకి వెళ్లగానే జర్కులు మొదలయ్యేవి. కార్డు ఎంత పనిచేస్తోందో చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే అక్కడ కార్డు 60 శాతం దగ్గరే తిరుగుతోంది. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ ఇంచు కూడా కదల్లేదు. అంటే కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ పని అందించలేకపోతోంది. డబ్బు తీసే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకోండి. కార్డు 97, 98 శాతంలో ఉంటే ప్రాసెసర్ మార్చినా తేడా ఏమీ కనపడదు.

2024 వేసవిలో, అదే బోర్డులో పట్టే రైజెన్ 5 5600 ప్రాసెసర్ కొన్నాను. 2600లో ఉన్న 16 ఎంబీ ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) రెండు ముక్కలుగా, మూడేసి కోర్లకి 8 ఎంబీ చొప్పున ఉంటుంది. 5600లో ఆరు కోర్లకీ కలిపి 32 ఎంబీ ఒకే చోట. బజార్లో జర్కులు తగ్గడానికి ఇది పెద్ద కారణం. తక్కువకి వస్తోందని 5500 వైపు వెళ్లకండి, అందులో మళ్లీ 16 ఎంబీయే.

బిగించేటప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్, కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టాల్సింది ఇదే) అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేసెయ్యాలి, అదీ యూపీఎస్ మీద. అంతవరకు బాగానే చేశాను. తర్వాత కూలర్ పైకి లాగితే, వేడి లాగడానికి రెంటి మధ్య పూసి, ఎండిపోయిన పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొచ్చేసింది. 1331 పిన్నుల్లో మూల దగ్గర రెండు వంగాయి. పాత ఏటీఎం కార్డు అంచుని వరసల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, అరగంటలో నిలబెట్టాను. అలా నిలబెట్టిన 2600 ఇప్పుడు మా తమ్ముడి పీసీలో పనిచేస్తోంది. మీరు ముందు పావుగంట గేమ్ ఆడి, పేస్టు వేడెక్కాక పీసీ ఆపేసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పి అప్పుడు ఎత్తండి.

ఇంకోటి, బయోస్ అప్‌డేట్ అయ్యాక ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ పోతుంది. నా 3000 స్పీడు ర్యామ్ చెప్పాపెట్టకుండా 2133కి పడిపోయింది. రెండు రోజులకి గానీ గమనించలేదు.

ఏడాది పైన వాడాక చెబుతున్నాను: ఎఫ్‌పీఎస్ నలభైల్లోకి జారిపోయే చోట ఇప్పుడు అరవైకి దిగువకి రావడం అరుదు. దీని తర్వాత వచ్చిన ఏఎం5 రకం బోర్డుకి వెళ్లి ఉంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేసారి కొనాల్సి వచ్చేది. 2025 చివర్లో ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూశాక, పాత డీడీఆర్4 ఉంచుకున్నందుకు నిజంగా ఊరటగా ఉంది.

అందరికీ ఇదే దారి అని చెప్పను. ఒక ఫ్రెండ్‌ది 2017 నాటి ఇంటెల్ ఐ5 7400 ప్రాసెసర్. ఆ బోర్డు మీద తర్వాతి తరం ప్రాసెసర్ ఎక్కదు, విండోస్ 11 అధికారిక జాబితాలోనూ ఆ చిప్ లేదు. అతన్ని కొత్తది కొనమనే చెప్పాను.

నాకు ఇక మిగిలిన ఇబ్బంది కార్డులోని 8 జీబీ మెమరీ. కొత్త గేముల్లో ఆ మెమరీని బాగా తినే టెక్స్చర్లు (వస్తువుల పైన కనిపించే బొమ్మలు) మీడియంలో పెట్టుకుని ఆడుతున్నాను. మీడియంలో కూడా ఆగి ఆగి నడిచే రోజు వస్తే అప్పుడు కార్డు ఒక్కటే మారుస్తాను.